శుక్రవారం బోర్డుకు ఐదు స్టార్లు

దోహాలో తెలుగువాడికి దొరికిన వరాలన్నిటిలోకి గొప్ప వరం ఏదంటే, రెస్టారెంట్ తలుపుకు వేలాడే బోర్డు. "శుక్రవారం ఫ్యామిలీలకు మాత్రమే!"

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. మన సంఘం పత్రికలో నాలుగేళ్లుగా "ఎక్కడ తినాలి" శీర్షిక రాస్తున్నవాణ్ణి. ఈ ఊళ్లో నేను స్టార్లు వేయని ఇడ్లీ లేదు. నా మాట మీద బిర్యానీలు పైకొచ్చాయి, నా మాట మీద సాంబార్లు మూతబడ్డాయి. అలాంటివాడు కూర సంగతి వదిలేసి బోర్డును మెచ్చుకుంటున్నాడంటే కారణం ఉండదా?

పాఠకులు నన్నడిగే ప్రశ్న ఒకటే. "సాలమన్ గారూ, దోహాలో ఎక్కడ తినమంటారు?" పాపం, అమాయకులు! ఇక్కడ తిండికి కొదవా? ఒకే వీధిలో మలబారు పరోటా, పక్కన పెషావరు కబాబు, ఎదురుగా ఫిలిప్పీన్స్ వాళ్ల వేపుడు చేప, మూల తిరిగితే ఇథియోపియా వాళ్ల పుల్లట్టు. మధ్యలో మన ఆంధ్రా మెస్సు. ఓనరుది కన్నూరు, వంటవాడిది ఖాట్మండు, గోంగూరది సీసా. ఇన్ని ఉన్న ఊళ్లో ఎక్కడ తినాలన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరితో వచ్చావన్నదే ప్రశ్న. బోర్డు అడిగేది కూడా అదే.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. రాస్ లఫాన్‌ గ్యాస్ ప్లాంటులో ఆరు రోజులు ఎండలో డ్యూటీ చేసిన మనిషి, ఏడో రోజు కంపెనీ బస్సులో ఊళ్లోకి వచ్చి కడుపునిండా మటన్ బిర్యానీ తింటే ఏమవుతుంది? కొలెస్ట్రాల్! అదే బోర్డు చూసి వెనక్కి తిరిగితే? ఒక కుబ్బూస్ రొట్టె, ఒక పెరుగు డబ్బా, ఆపైన బస్సు వచ్చేదాకా రోడ్ల మీద గంటన్నర నడక. జిమ్ముకు డబ్బు కట్టి ఒక్క రోజూ వెళ్లని మా మేనేజర్లకు ఈ భాగ్యం ఉందా?

దాంపత్యానికి కూడా బోర్డు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పెళ్లాన్ని ఒక్కసారైనా హోటలుకు తీసుకెళ్లని మగవాడు, ఇక్కడ తలుపు ముందు నిలబడి "గిప్పుడు అది పక్కకుంటె లోపటికి పోదును గదా" అని నిట్టూరుస్తాడు. పెళ్లిపీటల మీద కూడా అంత ప్రేమగా తలుచుకుని ఉండడు!

ఇక తలుపు కాసేవాడి తెలివిని పొగడటానికి నాకు మాటలు చాలవు. ముగ్గురు పిల్లలూ, ఇద్దరు కోడళ్లూ, ఒక మనవడూ ఉన్న పెద్దమనిషిని అతను పైనుంచి కిందికి చూసి "బ్యాచిలర్" అని తేల్చేస్తాడు. అదే తెల్లచొక్కాల ఇంజనీర్లు నలుగురు ఒక్క ఆడమనిషి కూడా లేకుండా వచ్చారనుకోండి, వాళ్లు ఫ్యామిలీయే. మెడలో కంపెనీ ట్యాగు ఉంటుంది కదా, దాన్నే తాళిబొట్టు అనుకోవాలి. అందుకే నేను సెలవు రోజు కూడా ట్యాగు తీయను.

మరి ఐకమత్యమో? ఊళ్లో అయితే జిల్లా ఏదని అడిగి గానీ మాట కలపని మనవాళ్లు, బోర్డు ముందు అరనిమిషంలో చుట్టాలైపోతారు. జగిత్యాల మేస్త్రీ కాకినాడ కుటుంబానికి బాబాయి అవుతాడు. సిరిసిల్ల డ్రైవరు గుడివాడ పాపకు మేనమామ అవుతాడు. రాష్ట్రం రెండు ముక్కలైనా తలుపు దగ్గర మనమంతా ఒకటే. ఏ నాయకుడు చేయగలిగాడండీ ఈ పని?

నేను కూడా అలా ఒక బావగారిని సంపాదించుకున్నాను. ఆయన పేరు పోశన్న.

ఆర్మూరు వైపు మనిషి. యాభై దాటాయి. మా కంపెనీలోనే పద్దెనిమిదేళ్లుగా రాస్ లఫాన్‌లో స్కాఫోల్డింగ్ కడుతున్నాడు, అల్ ఖోర్ లేబర్ క్యాంపులో ఉంటాడు. నేను హెడ్డాఫీసులో ఏసీ కింద కాగితాలు చూసుకుంటాను. పని చాలించి ఇంటికి పంపించే ఎగ్జిట్ కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. పోయిన నెల పోశన్నవి వచ్చాయి. ఆ వచ్చే మంగళవారమే విమానం.

సంతకాలకు వచ్చిన మనిషి, అవి అయిపోయాక కూడా కదల్లేదు.

"ఊరి పొయ్యి హోటల్ల 'పోశన్న నాటుకోడి' తిన్నరా సారూ?"

తినడమేమిటి! ఊరి పొయ్యి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆ కూరే. ఏడాదిన్నర కిందట నా శీర్షికలో దాన్ని ఆకాశానికెత్తాను కూడా.

"గా పోశన్నను నేనే."

విషయం ఏమిటంటే, ఊరి పొయ్యి ఓనరు అబ్దుల్ ఖాదర్ రెండేళ్ల కిందట ఏదో పని మీద క్యాంపుకు వెళ్లి, ఇతను గదిలో పన్నెండు మందికి వండిన కోడికూర తిన్నాడట. రెండు శుక్రవారాలు పిలిపించుకుని తన వంటవాడికి నేర్పించుకున్నాడు. అప్పట్లో అది నాలుగు బల్లల మెస్సు. కూరకు పోశన్న పేరే పెట్టాడు. పోశన్న సంబరంగా ఊళ్లో ఉన్న భార్యకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"మా బాలవ్వ నమ్మది సారూ. 'దుబాయ్ల పోశన్నలు ఎంతమంది లేరు, గా పోశన్నవు నువ్వేనని ఏంది సాచ్చెం' అంటది. మెనూ కారటు ఫొటో దీసి పంపిన. 'కారటు కాదు, గా హోటల్ల కుర్చీల కూసోని నువ్వు గా కూర తింటుంటె ఫొటో పంపు, గప్పుడు నమ్ముత' అన్నది. నాకు శుక్రారమే సుట్టి, శుక్రారమే బోర్డు. పక్క సందుల కిటికీ ఉన్నది, గాడ పార్సల్ తీస్కపొమ్మంటరు. ఖాదర్ సేట్ ఎన్నడు కనవడలే. ఒక్కపారి మీ ఫ్యామిలీల నన్ను కలుపుకోండ్రి సారూ. మంగళారం ఎల్లిపోత."

పద్దెనిమిదేళ్ల సర్వీసుకు మనిషి అడిగింది ఒక కుర్చీ, ఒక ఫొటో. నేను కరిగిపోయాను. సరే అన్నాను. నా మంచితనానికి నేనే మురిసిపోయి ఇంటికెళ్లి మా ఆవిడ సుసన్నకు చెప్పాను. "అలాగేనండి, మా అన్నయ్య అని చెబుదాం" అంది.

శుక్రవారం వచ్చింది. నమాజు అయ్యాక పన్నెండున్నరకు హోటళ్లు తెరుస్తారు. మూడింటికి పోశన్న క్యాంపు బస్సు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్లికొడుకులా మా కోసం ఎదురుచూస్తున్నాడు. సుసన్న మెడలో సిలువ, పోశన్న నుదుట కుంకుమ బొట్టు. అన్నాచెల్లెళ్లంటే నమ్మడానికి ఎవరికైనా కొంచెం కష్టమే. కానీ తలుపు కాసేది నేపాలీ. అతని కంటికి తెలుగువాళ్లమంతా ఒక్కలాగే ఉంటాం.

"అన్నయ్యగారూ, మీరు నా పక్కనే నడవండి" అంది సుసన్న.

నేను అబద్ధాన్ని నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అవసరమే రాలేదు! ఎన్నడూ కనబడని అబ్దుల్ ఖాదర్ ఆ రోజు తలుపు దగ్గరే ఉన్నాడు. పోశన్నను చూడగానే ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

"అరే పోశన్న భాయ్! ఇధర్ సే క్యోం? తుమ్ తో ఘర్ కా ఆద్మీ! యల్లా, కిచెన్ సే ఆవో!"

ఇంటి మనిషివి, నీకు ముందు తలుపేమిటి, వంటగదిలోంచి రా అన్నాడు. ఎంత ప్రేమో చూడండి! ఆ రోజు పెద్ద వంటవాడు సిక్ లీవట. దేవుడే పంపాడంటూ పోశన్న భుజం మీద చెయ్యేసి పక్క సందులోకి నడిపించుకుపోయాడు.

పోశన్న ఒకసారి వెనక్కి తిరిగి నా వంక చూశాడు. ఆయన మాతో వచ్చాడు, మా కుటుంబం అని చెప్పడానికి నాకు నాలుగు మాటలు చాలు. నేను రాసి పేరు తెచ్చుకున్నదే మాటలతో. కానీ నా వెనక క్యూలో రెండు ఫ్యామిలీలు ఉన్నాయి, లోపల మూలబల్ల ఒక్కటే ఖాళీగా ఉంది. "వెళ్లు వెళ్లు, వచ్చేస్తావుగా" అన్నట్టు చెయ్యి ఊపి లోపలికి దూరిపోయాను.

మాకు దొరికిన బల్ల వంటగదిలోంచి ప్లేట్లు అందించే కిటికీకి ఎదురుగా ఉంది. కౌంటర్ వెనక అద్దాల ఫ్రేములో నా పాత వ్యాసం. అందులో ఒక పేరా చుట్టూ ఎర్ర ఇంకు గీత. చదివి చాలా రోజులైంది కదా అని చదివాను. "పోశన్న నాటుకోడి అమృతం. కానీ హాలు నిండా క్యాంపుల జనం, సేఫ్టీ బూట్ల వాసన. పెళ్లాంబిడ్డలతో కూర్చునేలా లేదు. రెండు స్టార్లు తగ్గిస్తున్నాను."

ఇప్పుడు అర్థమైందా, ఇంతసేపూ ఆ బోర్డును నేనెందుకు సొంత బిడ్డలా వెనకేసుకొచ్చానో? ఖాదర్‌ది ఏం తప్పు? అతను వ్యాపారి. స్టార్లు కావాలి, బోర్డు పెట్టాడు. రాసింది నేను.

అరగంటకు కూర వచ్చింది. నాలుక మీద పెట్టగానే తెలిసిపోయింది, ఇది పోశన్న చేతిదేనని. సుసన్న మాత్రం ముట్టలేదు.

"ఏవండీ, ఆయన్ని పిలవండి. ఒక్క ఐదు నిమిషాలు ఇక్కడ కూర్చుంటే ఫొటో తీసేద్దాం. అందుకే కదా వచ్చాం."

"వంటగదిలో హడావుడిగా ఉన్నారు, కాస్త ఆగుదాం. ముందు తిను, చల్లారిపోద్ది" అన్నాను.

చల్లారలేదు. చల్లారనివ్వలేదు నేను. ఇంకో ప్లేటు కూడా తెప్పించుకున్నాను. రెండుంబావు అయింది, రెండున్నర అయింది. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. సుసన్న విసుగొచ్చి తనే లేచి వంటగది తలుపు దాకా వెళ్లి వచ్చింది.

"బస్సు టైమైందని పక్క సందులోంచి వెళ్లిపోయారంట" అని కూర్చుంది.

సోమవారం పోశన్న పాస్‌పోర్టు కోసం ఆఫీసుకు వచ్చాడు. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టబోయాను. అతనే అడ్డుపడ్డాడు.

"అయ్యో, గట్లనకుండ్రి సారూ. కుర్చీ దొరకకున్నా ఫొటో అయితె అయింది. రెండో వంటాయన తీసిండు. బాలవ్వకు పంపిన. జవాబు గూడ వచ్చింది."

ఫోన్ తీసి చూపించాడు. చొక్కా మీద ఏప్రన్, చేతిలో గరిటె, ముఖమంతా చెమట, పెదాల మీద నవ్వు. తర్వాత బాలవ్వ వాయిస్ మెసేజ్ వినిపించాడు.

"కుర్చీల కూసోని తింటున్న ఫొటో పంపుమంటె పొయ్యికాడ నిలవడ్డ ఫొటో పంపినవ్. వండుడు ఎవలన్న వండుతరు. నీ ఎన్క కిటికీలకెల్లి కనవడుతున్నడు సూడు, తెల్లంగిల, మెడల తాడేసుకొని, కుర్చీల కూసోని బొక్కలు సప్పరిస్తున్నడు. గాయిన ఎవలు? గాయినేనా పోశన్న?"

నేను ఫోన్‌లోకి వంగి చూశాను. ఫొటోలో నా మూతి నిండా పులుసు.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"ఏం జెప్త సారూ," పోశన్న పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు. "మా బావ అని చెప్పిన."

మంగళవారం అతను వెళ్లిపోయాడు. కనుక పాఠకులారా, ఎక్కడ తినాలని నన్ను అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఊరి పొయ్యిలో తినండి. శుక్రవారమే వెళ్లండి. ట్యాగు మరిచిపోకండి. నేను తగ్గించిన రెండు స్టార్లనూ తిరిగి ఇచ్చేస్తున్నాను. అబ్దుల్ ఖాదర్ గారూ, ఈ వ్యాసాన్ని కూడా ఫ్రేము కట్టించి, ఈసారి కౌంటర్ వెనక కాదు, బయట బోర్డు పక్కనే తగిలించండి.