మూడో అంతస్తులో ఒకరు ఎక్కువ

ఆ ఉదయం కోడలు ఒకటే పని పెట్టుకుంది. ఆఫీసులో ఆమెను మూడో అంతస్తుకు వార్డెన్‌ని చేశారు. నిప్పంటుకుంటే అందరినీ క్షేమంగా కిందికి దించాలి. ఇవాళ శిక్షకుడి ముందు డ్రిల్లు. తడబడితే నవ్వుతారని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గది తలుపు వేసుకుని అద్దం ముందు వల్లించుకుంది.

"సామాన్లు ముట్టుకోవద్దు! ఉన్నపళంగా బయటికి నడవండి! నేను చెప్పేదాకా మళ్ళీ లోపలికి రావద్దు!"

వంటింట్లో అత్తగారి చేతిలోంచి గరిటె జారింది. ముందురోజే ఆవిడ పొయ్యిమీద పాలు మరిచిపోయి గిన్నె మాడ్చింది. కోడలు పల్లెత్తు మాట అనలేదు. అనలేదనే ఆవిడకు కంటిమీద కునుకు లేదు.

'నాతో అనలేక అద్దంతో అంటోంది పిచ్చిపిల్ల. ఎదురుగా అనే కష్టం దానికెందుకు?' అనుకుంది.

కోడలు వెళ్ళగానే ఆవిడా ఇంటికి తాళం వేసి బయలుదేరింది. సామాన్లేవీ ముట్టుకోలేదు. కళ్ళజోడు సామాను కిందికి వస్తుందో రాదో తేలక, అదీ బల్లమీదే వదిలేసింది. దారిలో చెల్లెలికి ఫోన్ చేసింది.

"నన్ను పొమ్మందే."

"బట్టలైనా తెచ్చుకున్నావా అక్కా?"

"ముట్టుకోవద్దంది."

"ఎంత గుండె దానికి!"

బస్సు దిగేలోపు వార్త చుట్టాలందరికీ పాకింది. ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, దెబ్బలేమైనా తగిలాయా?" అని పరామర్శించింది.

తాళంచెవి కోడలికి ఇచ్చేసి చెల్లెలింటికి పోదామని ఆఫీసు మూడో అంతస్తు ఎక్కిందో లేదో, సైరన్ మోగింది. పసుపు కోటు తొడుక్కుని కోడలు కేకలేస్తోంది. పొద్దుటి మాటలే! మేనేజరుతో సహా అందరూ నోరెత్తకుండా మెట్లు దిగుతున్నారు.

"అయ్యో తల్లీ, ఇంతమందినీనా!" అంది అత్తగారు.

"అత్తయ్యా! మీరిక్కడేంటి? నా చెయ్యి పట్టుకోండి. కళ్ళజోడేదీ?"

"నువ్వేగా సామాన్లు ముట్టుకోవద్దన్నావు."

కోడలికి అప్పటికి వెలిగింది. "దేవుడా! అది ఈ డ్రిల్లు కోసం అత్తయ్యా!"

"మరి మాడిన గిన్నె?"

"తోమితే పోతుంది. మెట్టు చూసుకోండి."

కింద శిక్షకుడు తలలు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, బుర్ర గోక్కున్నాడు. "ఒకరు తక్కువ రావడం చూశాను గానీ, ఎక్కువ రావడం ఇదే చూడటం."

"మా అత్తయ్య సార్," అంది కోడలు, పట్టుకున్న చెయ్యి వదలకుండా. "పొద్దున పోగొట్టుకోబోయాను. దొరికారు."

అత్తగారు రెండో చెయ్యి కూడా ఆ చేతిమీద వేసింది.

సాయంత్రం కొడుకు పరుగున ఇంటికొచ్చాడు. ఎంతమంది చుట్టాలు ఫోన్ చేశారో, మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఇది నిన్ను ఇంట్లోంచి గెంటేసిందట, నిజమేనా?"

"ఇంట్లోంచి కాదురా, ఆఫీసులోంచి," అంది తల్లి మురిసిపోతూ. "అంతమంది ముందు, చెయ్యి పట్టుకుని మరీ!"

ఆ రోజు మొత్తంమీద ప్రథమచికిత్స అవసరమైంది అతనొక్కడికే.