రొయ్యల డబ్బా విమోచనము

గంగమ్మ హుగ్లీ అను మారుపేరుతో మందగమనమున సాగు తీరమున, కలకత్తా మహానగరమునకు ఆవలి ఒడ్డున, రైలుకూతలతో తెల్లవారి రైలుకూతలతోనే ప్రొద్దుగ్రుంకు హౌరాపురమున, ఆరవేసిన చొక్కా మూడు దినములకైనను ఆరని వర్షర్తువున, ఆదివారారాధన ముగిసి గొడుగులు ఇండ్లకు మరలిన పండ్రెండు గంటల శుభవేళ, ఒకానొక మూడవ అంతస్తు వంటగదిలో ఘోరసంగ్రామము రేగెను.

ఆ రణమునకు నాయకుడు యేసురత్నము. నలువది సంవత్సరములు ఓడల పంపులను బిగించి, విప్పి, మరల బిగించిన ఫిట్టరువర్యుడు, సంఘపెద్ద, పింఛనుదారుడు. శత్రువు ఒక నట్టు. చెర ఒక స్టీలు డబ్బా. చెరలో నున్నది రొయ్యల పచ్చడి.

పూర్వవృత్తాంత మేమనగా, నిరుడు వానలలో ఆ డబ్బా మూతకున్న ఇనుప క్లిప్పు తుప్పుపట్టి పచ్చడిలో రాలెను. పచ్చడి యావత్తు మునిసిపాలిటీ కుండీ పాలాయెను. ధర్మపత్ని లోయిసు మూడు దినములు ఉత్త పప్పన్నమే వడ్డించెను. నాలుగవ దినమున యేసురత్నము మంచము క్రింది ఇనుపపెట్టెను ఈడ్చి, కార్ఖానా మూతపడిన నాడు మేనేజరు స్వహస్తములతో నొసగిన లోహఖండములనుండి రెండు మోనెల్ బోల్టులను, రెండు నట్టులను వెలికితీసెను. లోయిసు మరల పెట్టిన పచ్చడిని డబ్బాలో నింపి, మూతపై అడ్డముగా ఆకుపచ్చ రంగు వేసిన ఇనుపపట్టీని ఉంచి, దాని రెండు కొసలను డబ్బా చెవులకు ఆ బోల్టులతో బిగించి, "ఇక సముద్రములో పారవేసినను దీనికి తుప్పురాదు" అని ప్రకటించెను.

అది గొప్పలు కాదు. మోనెల్ అనగా మూడింట రెండు పాళ్ళు నికెలు, తక్కినది చాలవరకు రాగి, చిటికెడు ఇనుము, చిటికెడు మాంగనీసు కూడి పుట్టిన లోహవీరుడు. ఉప్పునీటిలో ఓడల చక్రపుకడ్డీయై తిరిగినను చెక్కుచెదరడు. చమురు శుద్ధిచేయు కర్మాగారములలో ఆమ్లపుగొట్టముల కడ కవాటమై నిలిచి వెనుదిరుగడు. అట్టివానిని రొయ్యల పచ్చడికి కాపలా పెట్టినవాడు భూమండలమున యేసురత్న మొక్కడే.

"ఏటండీ, డబ్బా తెరిచీసేరా?" అని లోయిసు పొయ్యికడనుండి అడిగెను.

"తెరుస్తన్నాను. నట్టు కొంచెం బిగిసింది."

"ఒంటిగంటకి జాబేజు పాస్టరుగారు వచ్చీస్తారు. నిరుడు ఆయనకి ఉత్త పప్పన్నం పెట్టి పంపినాను. ఈయేడూ అదే అయితే, రేపు పాతినుము కొనే లోహావాలా వీధిలోకి రాగానే మంచం కింద పెట్టె ఎత్తి ఇచ్చీస్తాను. ప్రార్థన చేసుకుని మరీ చెప్తన్నాను."

 ఆ పెట్టెలోని ప్రతి ముక్కకు యేసురత్న మొక ఓడ పేరు చెప్పగలడు. ఊడ్చినప్పుడెల్ల అది లోయిసు కాలివ్రేలికి తగులుననుటయు సత్యమే.

అంతట స్పానరుపాణియై మొదటి నట్టుపై లంఘించెను. నట్టు అరచుట్టు తిరిగి, కీచుమని, అచటనే శాశ్వతనివాస మేర్పరచుకొనెను. రెండవదియు అన్నబాటనే నడచెను. ఏలననగా నికెలు మరలు పొడిగా ఒరసికొన్నచో ఒకదాని నొకటి గీరికొని కరచుకొనిపోవును. గ్రీజు రాయక నికెలు నట్టు నెక్కించరాదని నలువది సంవత్సరములు కుర్ర ఫిట్టరులకు బోధించినవా డీతడే. ఇంటికి వచ్చునప్పటికి మాత్రము, తుప్పే పట్టని దానికి గ్రీజేల, తినెడు వస్తువుకు ఆ కంపేల అనుకొనెను.

"నిమ్మరసం పొయ్యండి. మా అమ్మ ఇత్తడి బిందెలకి అదే రాసీది," అనెను లోయిసు.

యేసురత్నము స్పానరు పైకెత్తి, పాతకాలపు బైబిలు చదివి చదివి అబ్బిన గంభీరభాషలో ఇట్లు పలికెను: "ఓ లోయిసూ, ఆలకింపుము. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాజును సైతము తినివేయును. ఆ ఆమ్లమే ఈ లోహము నెదుట నిలువజాలక తలవంచెను. నీ నిమ్మకాయ దీని నేమి చేయగలదు?"

"మరి మీరేటి చెయ్యగలరు?" అనెను లోయిసు.

యేసురత్నము స్పానరును నేలపై పెట్టెను. క్రింది అంతస్తు బిశ్వాసు దాదాను పిలిచి హాక్సా తెప్పించెను. పచ్చడి కుదుపునకు లోనగునని భయపడి మెల్లమెల్లగా కోసెను. మోనెల్ స్వభావ మేమనగా, మెల్లగా రాచినకొలది మరింత గట్టిపడును. పది నిమిషములలో బోల్టు నిగనిగలాడెను; రంపపు పండ్లు అరిగెను. దంతహీనమైన తన రంపమును చూచుకొని బిశ్వాసు, "ఛేడే దిన్, దాదా," వదిలేయండని హితవు చెప్పి వెడలెను.

మెట్లపై పాస్టరుగారి గొడుగు దులుపుకొను చప్పుడు వినవచ్చెను. యేసురత్నము చతికిలబడి, బోల్టును వ్రేలితో నిమిరి, మెల్లగా ననెను: "ఓ మోనెలూ, నిన్ను లేతు మిషనుపై పెట్టినవాడను నేనే, నీకు మరలు కోసినవాడను నేనే. సముద్రమునకు లొంగకుము, ఆమ్లమునకు లొంగకుము. అది నీ ధర్మము. నాకు మాత్రము లొంగుము. నా పెట్టె పోవుచున్నది."

బోల్టు లొంగలేదు.

"జరగండి," అని లోయిసు వచ్చి, అట్లకాడ కొస ఇనుపపట్టీ క్రింద దూర్చి ఒక్కసారి ఎత్తెను. పట్టీ రెండు బోల్టులకడను టప్పున తెగెను. ఆకుపచ్చ రంగు క్రిందినుండి చిటికెడు ఎఱ్ఱని పొడి మూతపై రాలెను.

ఆ పొడిని చూడగనే యేసురత్నమునకు విషయము బోధపడెను. ఉప్పుతేమలో ఘనలోహము ప్రక్కన అల్పలోహము తగిలియున్నచో, క్షయమంతయు అల్పలోహమే భరించును. మోనెల్ మచ్చలేక నిలిచెను. తన ప్రక్కనున్న అమాయకపు ఇనుమును మాత్రము ఏడాది పొడుగునను తుప్పుచే తినిపించెను. ఇదియు అతడు కుర్రవాండ్రకు బోధించినదే.

లోయిసు పొడిని తుడిచి మూత తీసెను. పచ్చడి ఎఱ్ఱగా, నిష్కళంకముగా ఘుమఘుమలాడెను.

"తుప్పు పట్టదన్నారు కదేటి?"

"బోల్టుకి పట్టలేదు. పక్కదానికి పట్టింది."

"అవును లెండి," అనెను లోయిసు. "ఎప్పుడూ పక్కనున్నోళ్ళకే పడతాది."

భోజనమునకు కూర్చున్న పాస్టరుగారు, నేలపై పడియున్న స్పానరులను, హాక్సాను, తెగిన పట్టీని చూచి, "పెద్ద కుస్తీయే అయినట్టుందే. చివరికి ఎవరు తెరిచేరేటి?" అని అడిగెను.

"ఆయనే," అనెను లోయిసు.

సంఘపెద్ద అబద్ధమునకు సాక్షి కారాదు. యేసురత్నము సత్యము చెప్పుటకు నోరు తెరచెను. లోయిసు డబ్బాలోని అతిపెద్ద రొయ్యను ఏరి అతని కంచములో వేసెను. నోరు రొయ్యకొఱకు మూతబడెను.

మరునాడు లోహావాలా కేక వేయుచు వీధి ఈ కొసనుండి ఆ కొసకు పోయెను. లోయిసు కిటికీ తెరవలేదు. డబ్బా చెవులు కోసి తీసిన, విడిపోని ఆ బోల్టునట్టుల జంటలు రెండును మంచము క్రింది పెట్టెలో, గ్రీజు డబ్బా ప్రక్కన చేరెను. అరచుట్టుకు మించి తిరగని నట్టుపై యేసురత్నము ఇట్లు ఒక రొయ్య పరిమాణము గల దిగ్విజయము సాధించెను. ఈ కథ విన్నవారి మూతలు ఇట్టె ఊడుగాక. పరిహసించినవారు గ్రీజు లేక బిగింతురుగాక.