అరనిమిష నిశ్శబ్ద సంగ్రామము

ప్రచండ మార్తాండుడు పడమటి మేడల మీదికి వాలి, నీళ్ళ ట్యాంకుల నీడలను వీధి పొడవునా ఈడ్చుకొని పోవుచున్న అపరాహ్ణ సమయమున, మూడంతస్తుల భవనమొకదాని నడిమి అంతస్తులో, షూటింగునకై అద్దెకు తీసికొన్న హాలునందు, కిటికీలన్నియు నల్లగుడ్డలచే మూయబడి, ఫ్యాను ఆపబడి, గోడగడియారపు బ్యాటరీ పెరికివేయబడి, కెమెరా బలగము, లైట్ల బలగము, మేకప్పు బలగము చెమటలు కక్కుచు నిలిచియుండగా, ఏ కవియు పాడని, పాడుటకు ఏ కవికిని తీరిక చిక్కని మహాసంగ్రామమొకటి జరిగెను. దానిని చెప్పెదను. సెల్‌ఫోన్లు ఆపి వినుడు.

ఆ సంగ్రామమునకు నాయకుడు సౌండు రికార్డిస్టుగారి బావమరిది. నలువదియేండ్లు దాటినవాడు, ఒకనాడు ఫొటో స్టూడియో నడిపి పెండ్లికొడుకుల గడ్డములను పైకెత్తించి నవ్వించినవాడు, లోకులందరును తమ ముఖములను తామే తీసికొన నేర్చిన పిమ్మట స్టూడియోకు తాళము వేసి, ఇంటియందు ఈగలు తోలుకొనుచున్నవాడు, మితభాషి, పిరికివాడు, ఆజానుబాహుడు. ఆ ఆజానుబాహుత్వము తప్ప ఈ కొలువునకు అతనికి వేరొక అర్హత లేకుండెను.

ఆ కొలువు బూమ్ పట్టుట. బూమ్ అనగా మనిషికి రెండింతల పొడవైన గొట్టము, దాని కొనయందు స్పాంజి తొడుగు వేసికొన్న మైకు. మాట వినబడునంత దగ్గరగా, కెమెరా కంట పడనంత ఎత్తుగా, దానిని నటీనటుల తలలపై పట్టి నిలుచుటయే బూమ్‌ధారి ధర్మము. కెమెరా చూచు చతురస్రపు మేరను ఫ్రేమ్ అందురు. మైకు కొన అందులోనికి వ్రేలంత దిగినను ఆ టేకు బూడిదపాలే.

ఆ ఉదయము అతని అక్క, భర్తకు కాఫీ అందించుచు, తమ్ముని పక్షమున రాయబారము నడపెను.

"ఏవండీ, ఒక్కరోజు తీసుకెళ్ళి చూడండి. మావాడు గదిలో ఉన్నా ఉన్నట్టే తెలీదు. మీ పనికి అలాంటోడేగా కావాలి!"

ఆమె పొగడితిననుకొనెను. గుమ్మము వెలుపల చెప్పులు తొడుగుకొనుచున్న తమ్మునికి మాత్రము ఆ మాట గుండెలో ముల్లువలె దిగెను. స్టూడియోకు తాళము పడిన నాటినుండి అతడు ఏ గదిలో ఉన్నను ఎవ్వరికిని తెలియుట లేదు. అది అతనికిని తెలియును.

"సరే, ఒక్కరోజు," అని రికార్డిస్టుగారు తీర్పు చెప్పిరి. "సౌండు పాడైందంటే మాత్రం సాయంత్రం ఇంటికే. నీ తమ్ముడని చూడను."

హాలు చేరినంతనే రికార్డిస్టుగారు తమ నిత్యవిధిని నెరవేర్చిరి. వంటగదిలోని ఫ్రిజ్ గుర్రుమనునుగాన దానిని ఆపివేసిరి. ఆపి, తలుపు తెరచి, పెరుగుగిన్నె ప్రక్కన తమ బండి తాళమును ఉంచిరి. బావమరిది నోరు తెరచెను.

"అదేంటి బావా, తాళం అందులో పెట్టావు?"

"ప్యాకప్ చెప్పగానే అందరూ ఇంటికి పరిగెడతారు. ఫ్రిజ్ ఎవడికి గుర్తుంటుంది? తాళం లేకపోతే నేను ఇంటికెళ్ళలేను. తాళం కోసం వస్తాను, ఫ్రిజ్ ఆన్ చేస్తాను. సౌండువాళ్ళలో నమ్మకస్తుడి తాళమే ఇందులో ఉండాలి."

నమ్మకస్తుడను మాట విని బావమరిది తన ప్యాంటు జేబును తడిమి చూచుకొనెను. అందు పాత స్కూటరు తాళము కలదు. దానిని ఎవ్వరును అడుగలేదు.

అటుపై విధి అతనిని రెండు మారులు మొట్టెను. మొదటి టేకున అతని బూమ్ నీడ గోడపై పాకెను. రెండవ టేకున మైకు, సీనులోని తల్లి వేషధారిణి నెత్తిపై వ్రాలి ఫ్రేమ్‌లోనికి తొంగిచూచెను. "కట్!" అని డైరెక్టరు సింహనాదము చేసినప్పుడెల్ల బావగారు తల ఎత్తక హెడ్‌ఫోన్లు సవరించుకొనుచుండిరి. ఆ ఎత్తని తలయే బావమరిదికి వంద తిట్లతో సమానమయ్యెను. మూడవ టేకున గదినంతను ఒకే చూపులో పట్టు మాస్టర్ షాట్ ఎట్టకేలకు ఓకే అయ్యెను.

పిమ్మట క్లోజప్. మాటలవే, మనుష్యులు వారే. కెమెరా మాత్రము దగ్గరకు జరిగి ముఖమును, ముఖము ముందరి బల్లను చూచును. లైట్లు మార్చుటకు సమయము పట్టెను. సీను ముగియువరకు భోజనము లేదని డైరెక్టరు శాసించియుండెను. బావమరిది కడుపులో ఎలుకలు పరుగెత్తుచుండెను. ఎదుట బల్లమీద పింగాణీ పళ్ళెమున ఐదు బిస్కట్లు కొలువుదీరియుండెను. అతడు అటు చూచెను, ఇటు చూచెను. చేయి చాచవలసిన పనియు లేకుండెను, ఆజానుబాహుడు కదా. ఒక బిస్కట్టు అంతర్ధానమయ్యెను.

సెట్టుమీది వస్తువు తినుబండారము కాదు, సాక్ష్యము. ఈ పరమసత్యము అతనికి ఎవ్వరును చెప్పలేదు. ఆ బిస్కట్టు పొడి పొడియై గొంతుకు అడ్డుపడెను. నీళ్ళు త్రాగుదమన్నంతలో "స్టార్ట్ సౌండ్!" అను కేక వినవచ్చెను. క్లాప్ బోర్డు చటుక్కున మూయబడెను. బొమ్మ ఒకచోట, శబ్దమొకచోట పట్టబడునుగాన ఆ చటుక్కుమను చప్పుడే రెంటికిని ముడి. తల్లి వేషధారిణి కన్నీరు నింపుకొని, పెదవి వణకించి, నిండుగొంతుతో పలికెను:

"ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళెవరు?"

"హిక్!" అనెను బావమరిది.

అట్లు హిక్కాసురుడు అవతరించెను.

"కట్! ఎవరండీ అది?" అని డైరెక్టరు మేఘగంభీరస్వరమున గర్జించెను. అడుగవలసిన పనిలేకుండ రెండవ వెక్కిలి తానే సమాధానము చెప్పెను. రికార్డిస్టుగారు హెడ్‌ఫోన్లను మెడకు దింపి, బావమరిది వంక చూచి, "మీ అక్క తలుచుకుంటున్నట్టుంది," అని మెల్లగా అనిరి. నవ్వుచు అనలేదు.

ఇంతలో కంటిన్యూటీ మేడమ్ బల్లను సమీపించెను. ఒక షాటునందున్నది వేరొక షాటునందును అట్లే ఉన్నదో లేదో కాచుట ఆమె వ్రతము. పమిట మడత, జుట్టు పాయ, గ్లాసులోని నీటిమట్టము, ఏదియు ఆమె చూపును దాటి పోలేదు.

"ఐదుండాలి. నాలుగున్నాయి," అని ఆమె పళ్ళెమును చూచుచు పలికెను. తరువాత బావమరిది చొక్కాపై రాలిన పొడిని చూచెను. "ఎలా ఉంది?"

"కొంచెం... హిక్... మెత్తబడింది మేడమ్."

"రేపు సినిమా చూసేవాళ్ళు ఆవిడ ఏడుపు చూడరు. ఆ ఐదో బిస్కెట్ ఏమైందని చూస్తారు. మీలాంటి మహానుభావులు ఉంటారనే ఇంకో ప్యాకెట్ దాచాను," అని ఆమె చేతిసంచి నుండి క్రొత్త బిస్కట్టు తీసి, పాతదాని స్థానమున, అదే ఏటవాలుగా ప్రతిష్ఠించెను.

బిస్కట్టుకు మారు దొరకెను. బావమరిదికిని దొరకెను. రికార్డిస్టుగారు అతని చేతులనుండి బూమ్‌ను తీసికొని ఒక ఇనుప స్టాండుకు తగిలించిరి. వెక్కిళ్ళు రానిది, బిస్కట్లు తిననిది, ఎవరి తమ్ముడును కానిది ఆ స్టాండు. దానిని చూచి బావమరిదికి కన్నులు చెమర్చెను. అతడు చొక్కాపొడి దులుపుకొనుచు, వెక్కుచు, వంటగదిలోనికి వెడలెను.

వంటగదిలో వైద్యములు సాగెను. మేకప్పామె గుక్క తిప్పక నీళ్ళు త్రాగుమనెను, త్రాగెను. తల్లి వేషధారిణి చక్కెర పంపెను, మ్రింగెను. భయపెట్టినచో తగ్గునని విన్న లైట్‌మ్యాన్ తలుపు తోసికొని వచ్చి, "మీ బావ పిలుస్తున్నాడయ్యా!" అని అరచెను. బావమరిది ఉలిక్కిపడెను. హిక్కాసురుడును ఉలిక్కిపడి ద్విగుణీకృత పరాక్రముడయ్యెను.

హాలులో క్లోజప్ ముగిసెను. మిగిలినది రూమ్ టోన్.

రూమ్ టోన్ ఏమనగా: ఏ రెండు గదుల నిశ్శబ్దమును ఒక్కటి కాదు. షాట్లను కోసి అతికించునప్పుడు మాటకును మాటకును నడుమ ఖాళీలు పడును. అచ్చట ఏమియు పెట్టనిచో చెవి గోతిలో పడినట్లగును. అందుచేత మనుష్యులు, లైట్లు, కుర్చీలు ఉన్నవి ఉన్నచోటనే ఉండగా, ఎవ్వరును కదలక, ఆ గది తన నిశ్శబ్దమును తాను పలుకుచుండగా అరనిమిషము పట్టి దాచుకొందురు. ఎడిటరు దానితో గోతులను పూడ్చును.

రికార్డిస్టుగారు చేయి ఎత్తిరి. సర్వసైన్యమును శిలాసదృశమయ్యెను. అంతలో స్టాండు మర వదులై, కిర్రుమని మూలుగుచు, బూమ్ మెల్లగా నేలకు క్రుంగెను. బిగించిరి. మరల క్రుంగెను. ఇనుమునకును అలసట కలదని ఆనాడు తెలిసెను.

మెట్లమీదనుండి ఇంటి యజమాని కేక వేసెను. "అయ్యా, అయిపోయిందా? మా పిల్లల ఐస్‌క్రీం కరిగిపోతోంది. నేనే వచ్చి ఫ్రిజ్ ఆన్ చేస్తున్నా!"

"ఒక్క నిమిషం సార్! ఒకే ఒక్క నిమిషం!" అని డైరెక్టరు ప్రాధేయపడెను. మరునాడు ఆ ఇల్లు దొరకదు. ఫ్రిజ్ గుర్రుమన్నచో ఆ గది నిశ్శబ్దము మరల దొరకదు.

లైట్‌మ్యాన్ వంటగది తలుపు తెరచెను. "మీ బావ పిలుస్తున్నాడయ్యా."

"ఆ మందు పని చెయ్యలేదన్నా. హిక్."

"మందు కాదు. నిజంగానే పిలుస్తున్నాడు."

బావమరిది హాలులో ప్రవేశించెను. రికార్డిస్టుగారు బూమ్‌ను అతని చేతికిచ్చిరి. ఆ గదిలో అంతటి చేతులు వేరొకరికి లేవు. "ఇందాకటి ఎత్తులోనే పట్టుకో. అరనిమిషం. ఈ ఒక్కసారికి..." అని వాక్యము ముగింపక హెడ్‌ఫోన్లు తగిలించుకొనిరి. ముగింపని ఆ వాక్యమున బావమరిది బ్రదుకంతయు వ్రేలాడుచుండెను.

చేయి లేచెను. నిశ్శబ్దము కమ్మెను. బావమరిది ఉదరకుహరమునుండి హిక్కాసురుడు జూలు విదిల్చి లేచెను. అప్పుడు ఆ బూమ్‌దండధరుడు పెదవి కదపక, మనసునందే ఇట్లు గర్జించెను:

"ఓరీ హిక్కాసురా! ఉదరాంతరాళ గుహానివాసీ! నిరపరాధ కంఠపీడకా! ఇచ్చటినుండి ఒక్క అంగుళము పైకి వచ్చితివా, నేను మరల ఇంటి వీధిగదికి, ఆ ఈగలకు, నన్ను చూచి చూపు తిప్పుకొను ఇరుగుపొరుగునకు అప్పగింపబడుదును! నిలు, నిలువుము!"

హిక్కాసురుడు వికటాట్టహాసము చేసి ఇట్లు బదులు పలికెను: "ఓయి దీర్ఘబాహూ! బిస్కట్టు తిన్నది నీవు. నీళ్ళు త్రాగనిది నీవు. పిలిచినవాడవు నీవే, పొమ్మనుటకు సిగ్గు లేదా? ఇదిగో, వచ్చుచున్నాను!"

న్యాయము వాని పక్షముననే యుండెను. అదియే బావమరిదిని మరింత కలచివేసెను. రొమ్ము బిగిసెను, భుజములు మండెను, ఒక చెమటబొట్టు నుదుటినుండి ముక్కు కొనకు దిగివచ్చి దూకుదునా మానుదునా అని ఊగిసలాడెను. హిక్కాసురుడు గొంతు మొదటి మెట్టెక్కెను. రెండవ మెట్టెక్కెను. అంతలో బావమరిదికి అక్క మాట జ్ఞప్తికి వచ్చెను. గదిలో ఉన్నా ఉన్నట్టే తెలీదు. ప్రొద్దుటినుండి గుండెలో గుచ్చుకొనియున్న ఆ ముల్లునే అతడు పెరికి అస్త్రముగా సంధించెను. "నేను లేను," అని అతడు తలచెను. "ఈ గదిలో గోడ కలదు, బల్ల కలదు, ఐదు బిస్కట్లు కలవు. నేను లేను. లేనివానికి వెక్కిళ్ళు ఎట్లు వచ్చును?"

ఆ అస్త్రము హిక్కాసురుని రొమ్మున నాటెను. వాడు గొంతులోనే, ఒక కాలు ఎత్తి, ఎవరింటికి వచ్చెనో మరచిన చుట్టమువలె నిలిచిపోయెను. క్షణములు నత్తలవలె పాకెను. చెమటబొట్టు దూకి చొక్కాపై పడి ఇంకిపోయెను. బూమ్ కొన వెంట్రుకవాసియైనను కదలలేదు.

చేయి దిగెను. "కట్," అనిరి రికార్డిస్టుగారు.

"హిక్!"

ఆ మహానాదమును ఎవ్వరును పట్టించుకొనలేదు. అప్పటికే లైట్లు విప్పుచుండిరి, వైర్లు చుట్టుచుండిరి, నల్లగుడ్డలు లాగుచుండిరి. బావమరిది బూమ్ దింపుటకు ధైర్యము చాలక అట్లే నిలిచియుండెను. రికార్డిస్టుగారు ఆ అరనిమిషమును మొదటినుండి తుదివరకు మరల వినిరి. విని, హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకు తగిలించిరి.

అతడు వినెను. లైట్ల సన్నని జుమ్మనుట. ఎచ్చటనో దూరమున గాలి. ఇందరు మనుష్యుల ఉండీ లేనట్టి ఉనికి. తాను వినబడలేదు. ఎంత చెవి ఒగ్గినను తాను వినబడలేదు. అతడు ముఖమెల్ల నవ్వుగా, మరియొకమారు వినిపింపుమని సైగ చేసెను.

బావగారి ఫోను మ్రోగెను. అవతల అక్క.

"ఏం చేశాడండీ మావాడు?"

"ఏం చెయ్యలేదు."

"అయ్యో!"

"అది కాదే. అరనిమిషం పాటు ఏమీ చెయ్యలేదు. అంత బాగా ఏమీ చెయ్యకుండా ఉండటం నేనెక్కడా చూళ్ళేదు," అని ఫోను పెట్టివేసి, బావమరిది వైపు తిరిగిరి. "ఒరేయ్, ఆ ఫ్రిజ్ ఆన్ చేసి నా తాళం పట్టుకురా. చల్లగా గడ్డకట్టి ఉంటుంది దరిద్రం."

"ఆపేసిన ఫ్రిజ్‌లో గడ్డెందుకు కడుతుంది బావా?"

"ఏడిశావులే. రేపట్నుంచి అందులో నీ తాళం పెట్టు."

బావమరిది చేయి మెల్లగా ప్యాంటు జేబులోనికి పోయి, ఆ పాత స్కూటరు తాళమును గట్టిగా పట్టుకొనెను. ఎడిటరు ఆ అరనిమిషమును ముక్కలు చేసి మాటల నడుమ పూడ్చును. ప్రేక్షకులు దానిని వినరు. వినలేదన్నదే దాని కీర్తి. వినబడని ఆ విజయమును లోకమునకు చాటువారెవ్వరును లేకపోవుటచే నేనే చాటుచున్నాను: మరునాటి ఉదయము, వేరొక వీధిలో, వేరొక ఇంట, వేరొక వంటగదిలో, ఆపివేసిన ఫ్రిజ్ నడిమి అరపై, టమాటాలకును పాలప్యాకెట్టుకును మధ్య, ఒక స్కూటరు తాళము కొలువుదీరెను.