రాళ్ళ చదువు, ఎర్ర కలం

ఆ ఉదయం ఆ ఇంట్లో చేయాల్సిన పని ఒక్కటే. పన్నెండో తరగతి ముగించబోతున్న అమ్మాయి తన కాలేజీ దరఖాస్తును కంప్యూటరులో తెరిచి, అడుగున ఉన్న బటన్ నొక్కాలి. ఆ తర్వాత బడికి వెళ్ళి గ్రాడ్యుయేషన్ రిహార్సల్ చేసుకోవాలి. గడువు సాయంత్రం ఐదు. రెండు నిమిషాల పనికి తొమ్మిది గంటల వ్యవధి బోలెడని ఎవరైనా అనుకుంటారు. అలా అనుకునేవాళ్ళు ఆమె తండ్రిని ఎరగరు.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. కుళాయిలో నీళ్ళు రావడానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. కాగితాలు సవరించడం ఆయన పని. ఎర్ర కలం తగలని కాగితం ఆయన గది గడప దాటకూడదు. తప్పులు దొరక్కపోతే ఒప్పులనే దిద్దుతాడు. "పైపు పగిలింది" అని వస్తే "పగిలినట్లు తెలియుచున్నది" అని మారుస్తాడు. అది మళ్ళీ టైపై వచ్చాక "పగిలింది" అంటే చాలదా అని గుమాస్తా మీద విరుచుకుపడతాడు. ఈలోగా నీళ్ళు వీధిలో పారుతూనే ఉంటాయి. దీనికి ఆయన పెట్టుకున్న పేరు బాధ్యత.

అమ్మాయికి రాళ్ళంటే ప్రాణం. ఆమె మంచం కింద చెప్పుల డబ్బాల నిండా రాళ్ళే. భూగర్భశాస్త్రం చెప్పే కాలేజీ అందుబాటులో ఉన్నది ఒక్కటే, అందులో సీట్లు నలభై. అది తప్పితే తండ్రి ముందే చూసిపెట్టిన 'కార్యాలయ నిర్వహణ' కోర్సే గతి. ఆ మాట చెవిన పడితే చాలు, పిల్లకు అన్నం సహించేది కాదు.

"నేను చూడకుండానే పంపేస్తావా?" అన్నాడు తండ్రి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి.

"చూడ్డానికేముంది నాన్నా? ఈ చదువు ఎందుకు కావాలో ఐదువందల మాటల్లో రాయమన్నారు. రాశాను."

"దాన్ని నొక్కనివ్వండి," అంది తల్లి. ఆమె ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటోంది. "పేషెంటు బాగానే ఉంటే ఆపరేషన్ ఎందుకు?"

తండ్రి అప్పటికే ప్రింటు తీయించాడు. 'మా మెట్ల కింద దొరికిన ఒక రాయిని ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. అది నాకంటే చాలా పెద్దది' అని మొదలుపెట్టింది అమ్మాయి.

"జేబులో పట్టే రాయి నీకంటే పెద్దదా?"

"వయసులో, నాన్నా."

"కమిటీ ముందు జోకులా?" అంటూ ఎర్ర కలం మూత తీశాడు. "మెట్ల కింద రాయి అంటే మన ఇల్లు ఊడ్చరనుకుంటారు. ఉదాహరణ బరువుగా ఉండాలి." రాయి పోయింది. దాని స్థానంలో ఆయన ఆఫీసు రికార్డు గది వచ్చింది. ముప్పై ఏళ్ళ ఫైళ్ళు పొరలు పొరలుగా పేరుకుపోయి, అడుగున ఉన్నవి గట్టిపడి, గునపం పెట్టినా కదలని వైనం రెండు పేజీలు సాగింది. ఆ ఫైళ్ళు అలా కావడంలో తన చెయ్యి ఎంత ఉందో ఆయనకు తట్టనే లేదు.

పదకొండింటికి ప్లీడరు బాబాయికి ఫోను వెళ్ళింది. "ఎక్కడా ఏదీ ఖచ్చితంగా ఒప్పుకోవద్దన్నయ్యా," అన్నాడు బాబాయి. "ప్రతి వాక్యానికీ ముందు 'నాకు తెలిసినంతవరకు' అని తగిలించు. రేపు ఎవడూ పట్టుకోలేడు." సీటు అడిగితే ఎవడు ఎందుకు పట్టుకుంటాడని అడిగే బుద్ధి అన్నదమ్ములిద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. తనకు తెలిసినంతవరకు తనకు చదువంటే ఇష్టమని ఆ వ్యాసం ఇప్పుడు చెబుతోంది.

"నాన్నా, ఇందులో నేను ఎక్కడున్నాను?"

"సంతకం దగ్గర ఉంటావులే."

ఒంటిగంటకు ఫోటో మీద పడ్డాడు. స్కూలు గుర్తింపు కార్డులో ఉన్న ఫోటో చాలదట. గ్రాడ్యుయేషన్‌కు బడివాళ్ళు ఇచ్చిన నల్ల గౌనూ, కుచ్చు టోపీ ఇంట్లోనే ఉన్నాయి గనక, వాటితో తీయించాలట. రిహార్సల్ మానిపించి పిల్లను స్టూడియోకు ఈడ్చుకుపోయాడు. అక్కడ ఆమె నిలబడ్డ తీరు నచ్చలేదు. "గడ్డం ఇలా ఉండాలి, చూపు అలా ఉండాలి," అని గౌను తనే తొడుక్కుని, టోపీ పెట్టుకుని, బల్ల మీద కూర్చుని చూపించాడు. ఫోటోగ్రాఫర్‌కు లైటు సరిచూసుకోవాల్సిన అవసరం ఉంది. నొక్కాడు. ఆ తర్వాత అమ్మాయిని నాలుగు తీశాడు. ఐదూ కలిపి తండ్రి ఫోనుకే పంపాడు.

నాలుగున్నరకు, అమ్మాయి నింపి ఉంచినది పనికిరాదని పక్కన పెట్టి, కొత్త దరఖాస్తు మొదటినుంచి నింపడానికి తండ్రే కూర్చున్నాడు. "నేను నింపుతాను నాన్నా, నా వివరాలు కదా," అని అమ్మాయి బతిమాలింది. "కంగారులో తప్పులు చేస్తావు," అన్నాడాయన. తర్వాత జరిగింది తెలివితక్కువతనం అంటే ఆయన్ను పొగిడినట్టే. అది అలవాటు. ముప్పై ఏళ్ళుగా దరఖాస్తుదారు పేరు అన్న గడి కనిపిస్తే సెలవు కోసమో బదిలీ కోసమో తన పేరే రాసుకున్న చెయ్యి, ఇప్పుడూ తన పేరే కొట్టింది. పుట్టిన తేదీ తనది, ఉద్యోగం తనది. ఐదు ఫోటోల్లో మొదటిది ఎక్కించాడు. ఐదుకు పది నిమిషాలుందనగా బటన్ నొక్కి, వెనక్కి వాలి, "అయిపోయింది," అన్నాడు.

అమ్మాయి రసీదు చూసింది. కుచ్చు టోపీ కింద తండ్రి మీసం గంభీరంగా ఉంది.

"నాన్నా, మీరు పంపింది మీ దరఖాస్తు!"

"సవరణ పత్రం పంపుదాం. ముందు డ్రాఫ్టు..." అన్నాడు తండ్రి, కలం వెతుక్కుంటూ.

ఆమె ఏడుస్తూనే తన ఫోను తీసింది. పొద్దున తను నింపి ఉంచిన దరఖాస్తునే, రాయితో సహా పాత వ్యాసం, గుర్తింపు కార్డు ఫోటోతో కలిపి, ఐదుకు ఒక్క నిమిషం ఉందనగా పంపింది.

మూడు వారాలకు కాలేజీ నుంచి రెండు కవర్లు వచ్చాయి. తండ్రికి నలభయ్యో సీటు, అంటే ఆఖరిది, దక్కింది. 'కదలక మెదలక పేరుకుపోయిన పొరల గురించి ఇంత స్వానుభవంతో రాసినవారు మరొకరు లేరు. ఈ వయసులో నేర్చుకోవాలన్న మీ తపన మెచ్చదగినది' అని రాశారు. అమ్మాయి వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. శుక్రవారం ఐదులోగా ఎవరైనా సీటు వదులుకుంటే ఆమెకు వస్తుంది.

తండ్రి ఆ ఉత్తరాన్ని ఆఫీసుకు పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు. "వదులుకోవడం ఎంతసేపు? పద్ధతిగా వదులుకోవాలి," అన్నాడు. సోమవారం మొదటి డ్రాఫ్టు రాశాడు. మంగళవారం దాన్ని ఎర్ర కలంతో కొట్టేశాడు. బుధవారం బాబాయి 'నాకు తెలిసినంతవరకు నాకీ సీటు అక్కర్లేదు' అని రాయమన్నాడు. గురువారం నాటికి ఉత్తరం మూడు పేజీలైంది, సీటు మాట అందులో ఇంకా రాలేదు. పిల్ల మూడు రోజులుగా సరిగా తినలేదు. ఆయన అది గమనించలేదు, కామాలు గమనిస్తున్నాడు.

శుక్రవారం నాలుగింటికి అమ్మాయి ఆయన ముందు ఒక కాగితం పెట్టింది. 'నాకు ఈ సీటు వద్దు' అని ఒక్క వాక్యం.

"ఇదేం ఉత్తరం? మర్యాద లేదు, సూచిక లేదు, కనీసం..." అంటూ ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఎర్ర కలం లేదు. అది భార్య చేతిలో ఉంది. ఆమె దాన్ని తన యూనిఫారం జేబులో వేసుకుని, నీలం కలం అందించింది.

"ఏవండీ, పాతికేళ్ళుగా నోరు మూసుకున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి. కింద గీత కూడా గీయొద్దు."

ఆయన భార్యను చూశాడు, కూతుర్ని చూశాడు, కాగితాన్ని ఇంకాసేపు చూశాడు. సంతకం పెట్టాడు. అమ్మాయి దాన్ని ఫోటో తీసి అక్కడికక్కడే పంపింది. ఐదు కొట్టేలోపు సీటు ఆమెదైంది.

ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో సవరణ లేకుండా బయటికి వెళ్ళిన కాగితం అదొక్కటే, పని జరిగిన కాగితమూ అదొక్కటే.