కురింజి పొద చెట్టా, గడ్డా?

ఒక పెద్ద అడవిలో, చెట్లు కూడా ఆయాసమొచ్చి ఆగిపోయేంత ఎత్తున, ఓ గడ్డిమైదానం ఉండేది. అందులో పొట్టి కురింజి పొదలు ఓ ఇరవై. పన్నెండేళ్లకోసారి పూస్తాయి, మిగతా కాలం ఎవరి జోలికీ పోవు. వాటిలో ఒకదాని కింద ఒక కుందేలు నాలుగు పిల్లలతో కాపురముంటోంది. అక్కడి మంచుగాలికి ఆ పొద తప్ప వేరే అడ్డు లేదు.

కొండమేక రోజూ వచ్చి నాలుగాకులు కొరికేది. కుందేలుకు ఒళ్లు మండింది. "నీ సంగతి కచేరీలోనే తేలుస్తా!" అని కొండ దిగి, పొదలకు రక్షణ కావాలని అర్జీ పెట్టింది.

గుమస్తా నక్క ఆ కాగితాన్ని చెట్ల శాఖకు పంపింది. అక్కడ అధికారి ఏనుగు.

"నేను వీపు రుద్దుకుంటే నిలబడేదే చెట్టు. ఇది నా మోకాలికైనా రాదు. గడ్డి శాఖకు వెళ్లు."

గడ్డి శాఖకు అధికారి అడవిదున్న. "నెమరుకొచ్చేదే గడ్డి. దీని కాండం కట్టె కదమ్మా! చెట్ల శాఖకే వెళ్లు."

నెలరోజులు తిరిగేసరికి కుందేలుకు కాళ్లరిగిపోయాయి. చలికాలం ముంచుకొస్తోంది. ఉండబట్టలేక ఏడ్చేసింది.

"ఏడవకమ్మా, ఇద్దరు దొరలచేతా జాయింటు తనిఖీ వేయిస్తా," అంది నక్క. పిల్లలెన్ని అని మాత్రం రెండుసార్లు అడిగింది.

తనిఖీ నాడు కుందేలు పిల్లల్ని బండ చాటున దాచి, పొదల కింద శుభ్రంగా ఊడ్చింది. ఏనుగు నిబంధన ప్రకారం ఒక్కో పొదకూ వీపు ఆనించింది. ఒక్కటీ నిలవలేదు. పడ్డవాటిని అడవిదున్న, అదీ నిబంధన ప్రకారమే, నమిలి చూసింది. కాండాలు నెమరుకు రావుగానీ ఆకులు బాగున్నాయంది.

నక్క నివేదిక చదివింది: "స్థలంలో పొదలేవీ కనబడలేదు. అర్జీ పరిష్కరించబడినది."

"మరి నా ఇల్లు?" అంది కుందేలు.

"దానికి వేరే అర్జీ పెట్టుకోవాలమ్మా."

వాళ్లు దిగిపోయాక కొండమేక మెల్లగా దగ్గరికొచ్చింది. "వదినా, ఆ లోయ అంచున ఇంకొక్క పొద ఉంది. పైన నాలుగాకులు నాకు, కింద చోటు నీకు. ఎవరికీ చెప్పకు." కుందేలు సిగ్గుపడుతూనే పిల్లల్ని తీసుకుని వెళ్లింది.

వారం తిరక్కుండానే నక్క రొప్పుతూ వచ్చింది. "కురింజి రక్షణ వారోత్సవాలు జరపమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఎక్కడైనా ఒక్క మొక్క మిగిలిందా?"

కొండమేక టక్కున నమలడం ఆపేసింది.

"మొక్కా? ఇక్కడంతా రాళ్లేనండీ," అంది కుందేలు.

నీతి: కాపాడమని అర్జీ పెట్టేముందు, కాపాడేవాళ్లు భోంచేసి వస్తున్నారో లేదో కనుక్కోవాలి.