నేలకు దిగని వెనక చక్రం

మంత్రిగారి కార్లు అడ్డొచ్చాయని కోదండపాణి ముందు బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు పైకి లేచిన అతని మోటారు సైకిలు వెనక చక్రం, కార్లన్నీ వెళ్ళిపోయాక కూడా కిందికి దిగలేదు. వెనక సీట్లో అతని భార్య హైమవతి ఉంది. నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే ఆస్పత్రికి బయల్దేరింది.

ట్రాఫిక్ ఎస్సై వచ్చి బండి చుట్టూ తిరిగి చూసి, ఇందులో నేరమేమీ లేదని తేల్చాడు. ముందు బ్రేకు గట్టిగా పడితే బరువు ముందుకు జరుగుతుందని, ఆ బరువుకి ముందు టైరు అణిగి రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకుంటుందని, వెనక చక్రం మాత్రం తేలికవుతూ చివరికి నేలనే వదిలేస్తుందని వివరించాడు. బ్రేకు వదిలితే బరువు వెనక్కి వచ్చి చక్రం దానంతటదే దిగుతుందన్నాడు.

"కాస్త వదలండి," అంది హైమవతి.

"వదిలితే నువ్వు పడిపోతావ్," అన్నాడు కోదండపాణి.

బరువంతా తన మణికట్ల మీదే ఉందని, ఆ నొప్పి ఆమెకు తెలియదని కూడా అన్నాడు. అది నిజమే. ఆమె మీద ఏ బరువూ లేదు. కాళ్ళ కింద నేల కూడా లేదు.

ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసింది. అక్కడివాళ్ళు సానుభూతిగానే మాట్లాడారు. ప్రతిసారీ ఇలాంటి అభ్యర్థులు కొందరుంటారని, నిబంధనల ప్రకారం కాళ్ళు నేలమీద ఉన్నవాళ్ళనే తీసుకోగలమని చెప్పారు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్ళు తన మెడ మీద పడితే కోదండపాణి వాన మొదలైందనుకుని బ్రేకు మరింత బిగించాడు.

మధ్యాహ్నం ఎస్సై మళ్ళీ వచ్చి, దారి ఖాళీగా ఉంది, వెళ్ళొచ్చన్నాడు. సాయంత్రం మంత్రిగారు ఇదే దారిన తిరిగొస్తారని కూడా చెప్పాడు. ఎలాగూ మళ్ళీ నొక్కాల్సిందే కదా అని కోదండపాణి బ్రేకు వదల్లేదు.

హైమవతి ఒక కాలు కిందికి చాపింది. నేల అందలేదు. దూకితే అందేలాగే ఉంది. దూకుదామని పక్కకు ఒరిగినప్పుడు మిగతా బళ్ళు కనిపించాయి. అన్నిటి వెనక చక్రాలూ గాల్లోనే ఉన్నాయి. ప్రతి వెనక సీట్లోనూ ఒక ఆడమనిషి ఉంది. పక్క బండి మీద ఒక పెద్దావిడ బత్తాయి ఒలుచుకుంటోంది.

మీకెంతసేపైందని హైమవతి ఆవిణ్ణి అడిగింది.

"మా పెద్దమ్మాయి పుట్టకముందు నుంచీ. అప్పుడు వేరే మంత్రిలే," అంది ఆవిడ. "మొదట్లో కళ్ళు తిరుగుతాయమ్మా. కిందికి చూడకు."

చెప్పి, సగం బత్తాయి అందించింది. హైమవతి కాలు పైకి లాక్కుని అందుకుంది.