తోకమాట

ఆదిమూలం ఇంట్లో జరిగే గొడవలన్నిటికీ ఆదీ, మూలమూ ఒకటే మాట. "ఏంది?"

వంటింట్లోంచి కోమలి ఏదో అంటుంది. ముందుగదిలోంచి మొగుడు "ఏంది?" అంటాడు. ఆమె మళ్ళీ చెబుతుంది. ఇతను మళ్ళీ "ఏంది?" అంటాడు. ఆ తర్వాత ఆమె చెప్పదు, గరిటె పట్టుకుని వస్తుంది. పేరుకి కోమలే గాని, ఆ గొంతు తిరుచానూరు రోడ్డులో పోయే బస్సుని ఆపగలదు. అంత గొంతుకీ భర్త చెవిలో చోటు దొరకలేదంటే లోపం చెవిదేనని ఆమె తేల్చేసింది.

"ఆదివారం సత్యవేడు నుంచి అమ్మ వస్తా ఉండాది. సోమవారం ముగ్గురం కలిసి చెవి డాక్టరు దగ్గరికి పోదాం," అంది ఓ సాయంత్రం.

అత్తగారి ముందు చెవిలో టార్చిలైటు వేయించుకోవడం! దేవకమ్మ చూసిందంటే సత్యవేడు బస్టాండు మొత్తం చూసినట్టే. ఆదిమూలానికి ఆ సంగతి తలుచుకోగానే చెవులు వేడెక్కాయి.

"నా చెవులు బ్రహ్మాండంగా ఉండాయి. తప్పు మిక్సీది."

"మిక్సీ ఆపినాక గూడా అదే కత కదా సామీ."

"సరే, పందెం. ఆదివారం మధ్యాన్నం అన్నాలయ్యేదాకా ఒక్కసారి గూడా 'ఏంది' అనను. అనకుంటే డాక్టరు మాట ఎత్తకూడదు."

"అంటే?"

"నువ్వు యాడికి రమ్మంటే ఆడికి వస్తా."

కోమలి ఒప్పుకుంది. ఆమె అంత సులువుగా ఒప్పుకున్నప్పుడు అనుమానపడాలని ఆదిమూలానికి పెళ్ళయిన కొత్తలోనే తెలిసుండాల్సింది.

అతని ధైర్యం ఉత్తది కాదు. అతను రేణిగుంట దారిలో ఒక చిన్న చిప్ డిజైన్ ఆఫీసులో ఇంజనీరు. అక్కడి పనీ ఇదే. దూరం నుంచి వచ్చే సమాచారం దారిలోని రొదకి చెడిపోతుంది. పంపినవాణ్ణి "ఏంది?" అని అడగకుండానే అసలు మాటేదో తేల్చే సర్క్యూట్లు అతను గీస్తాడు. అందుకోసం పంపేటప్పుడే మాట వెనక కొన్ని తనిఖీ అక్షరాలు తగిలిస్తారు. సర్క్యూటు వాటితో సరిచూసి, దిద్ది, మళ్ళీ సరిచూసి, మళ్ళీ దిద్దుతుంది. చిక్కేమిటంటే, అది ఆదిమూలంలాగే ఆలోచిస్తూ కూర్చుంటుంది. సర్క్యూటు చిన్నదవాలి, జవాబు తొందరగా రావాలి అని మేనేజరు మునిప్రసాద్ పోరు. దానికి ఆదిమూలం కనిపెట్టిన ఉపాయం చాలా సుఖమైనది: తనిఖీలు తగ్గించేయడం, ఉన్న ఒక్క తనిఖీ కుదరగానే ఆలోచన మానేయడం.

ఆ ఉపాయాన్నే ఇంటికి తెచ్చాడు.

"ఏ వస్తువు అడిగినా వెనకాల ఒక తోకమాట తగిలించు. రంగు చెప్పినా చాలు."

"ఉర్లగడ్డకి తోక యాడుంటాది?"

"ఉర్లగడ్డ, మట్టిరంగు. ఎర్రగడ్డ, ఎర్రగా. తెల్లగడ్డ, తెల్లగా. అంతే."

"తెల్లగడ్డ తెల్లగా ఉంటాదని కనిపెట్టేదానికా మీకు జీతం?"

నవ్వింది గాని, అవసరం ఆమెకీ తెలుసు. చిత్తూరు వైపు ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. మిక్సీ తిరుగుతుంటే మూడింటిలోనూ 'గడ్డ' ఒక్కటే ప్రాణాలతో ముందుగది చేరుతుంది.

ఆదివారం దేవకమ్మ దిగింది. పొద్దుటినుంచి ఉపాయం చక్కగా నడిచింది. "...గడ్డలు, మట్టిరంగు!" అని వినబడింది. ఉర్లగడ్డలు అందించాడు. "...కు, పచ్చగా!" అని వినబడింది. కరివేపాకు తెచ్చాడు. ఒక్క 'ఏంది' లేదు.

"ఏం మే, అల్లుడికి రంగులు నేర్పిస్తా ఉండావా? బళ్ళో నేర్పలేదా?" అని అడిగింది దేవకమ్మ.

"పందెంమా. నువ్వు మాట్లాడొద్దు."

ఆకులు వేసే వేళకి కోమలి ఊరిబిండి పచ్చడి కోసం మిక్సీలో చెనక్కాయలు వేసింది. ఆ రొదలోంచి ఒక కేక వచ్చింది.

"గడ్డ... పెరు... తెల్లగా!"

ఆదిమూలం ముక్కలు పేర్చుకున్నాడు. గడ్డం పెరుగుతా ఉండాది. చేత్తో తడుముకున్నాడు, నిజమే, పెరిగింది. తోకమాట, తెల్లగా. అద్దంలో చూసుకున్నాడు. తెల్లగానే ఉంది. తనిఖీ కుదిరింది, ఆలోచన ఆగింది.

పైగా లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. కోమలి తన మొహాన్ని చూసి ఎన్నాళ్ళయింది! అమ్మ ముందు మొగుడు ముసలాడిలా కనబడకూడదనుకుంది కాబోలు. ఆ ప్రేమకి కరిగిపోయి ఒకటికి రెండుసార్లు గీసుకున్నాడు.

బయటికొచ్చేసరికి దేవకమ్మ ఆకులో సాంబారన్నం అయిపోవచ్చింది.

"అయిందా?" అంది కోమలి.

"అయింది."

"గట్టిగా ఉండాదా?"

"గట్టిగానా? నున్నగా ఉండాది."

"నున్నగానా? యాడ పెట్టినారు?"

"పెట్టేదానికేముండాది? నీళ్ళుపోసి కడిగేసినా."

"పెరుగునా!" దేవకమ్మ చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. "అయ్యో నాయనా!"

కోమలి అతని గడ్డం వైపు చూసింది. అద్దంలా మెరుస్తోంది. ఆమెకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "అంగడికి పోయి గడ్డ పెరుగు తెమ్మంటి గదా, సామీ!" అని నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది.

తెల్లటివి లోకంలో రెండున్నాయి. ఆదిమూలానికి ఆఫీసులో తన సర్క్యూటు ఎక్కడ తప్పుతోందో అప్పుడు తెలిసింది. "ఒకే తనిఖీ రెండు మాటలకీ కుదిరితే ఏం చేస్తావప్పా?" అని మునిప్రసాద్ టీ బంకు దగ్గర వారం రోజులుగా అడుగుతున్నాడు. తను తల ఊపుతున్నాడు గాని, విన్నది ఇప్పుడే.

అయినా పరువు ఉంది కదా. "నేను ఆ మాట మాత్రం అనలేదు. పందెం నాదే," అన్నాడు.

"మీదే. డాక్టరు వద్దు." కోమలి తల్లిని లేపి వంటింట్లోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరగా వేసింది. లోపల గుసగుస. "అమ్మా, నువ్వు తెచ్చిన నేతి మైసూర్‌పాకు సగం లేదే. ఎలక తినిందేమో."

"ఎలక కాదు, నేనే!" ముందుగదిలోంచి ఆదిమూలం అరిచాడు. "ఒక ముక్కే తిన్నా!"

తలుపు మెల్లగా తెరుచుకుంది.

"చూసినావామా? తోక లేదు, తొండం లేదు. గుసగుసకి జవాబొచ్చె."

ఆదిమూలం నున్నటి గడ్డాన్ని అరచేత్తో కప్పుకున్నాడు.

"చెవులు బాగుండాయి," అంది కోమలి. ఆమె గొంతు మొదటిసారి ఆమె పేరంత మెత్తగా ఉంది. "ఇన్నేండ్లూ పాపం, చెవి అనుకుంటి. నేను చెప్పేది వినాల్సిన పనిలేదని ఊరకుండారని తెలీదు."

తను గెలిచిందేమిటో ఆదిమూలానికి నెమ్మదిగా అర్థమైంది. చెవిటి మొగుడి మీద జాలి ఉంటుంది, ఓర్పు ఉంటుంది. మంచి చెవులున్న మొగుడికి దాక్కోవడానికి ఏ మూలా ఉండదు. తలలోపల ఓ మూల కూర్చుని ఎన్నేళ్ళుగా ఎంత హాయిగా బతికాడు! ఆ మూలకి తాళం వేసే అరుదైన పందేన్ని తనే వేసి, తనే నెగ్గాడు.

"కోమలీ," అన్నాడు గొంతు తగ్గించి. "అయినా రేపు ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో. ఎడమ చెవిలో ఏదో గుయ్‌మంటా ఉండాది."

"వద్దు సామీ. పందెం పందెమే. అయినా మీ జబ్బుకి చెవి డాక్టరు చాలడు. అమ్మా, దీనికి యాడ చూపిస్తారు?"

దేవకమ్మ పెరుగు లేని తన ఆకు వైపు చూసింది.

"యాడా చూపించరు మే. దీనికి మందంటూ ఉంటే మీ నాయనకి ఎప్పుడో తాపించుందును."

ఇంకెవరూ ఏమీ అనకముందే ఆదిమూలం పెరుగు గిన్నె తీసుకుని మెట్లు దిగాడు. ఆఫీసులో ఎన్ని సర్క్యూట్లు గీసినా అంత వేగం అతనికి ఎప్పుడూ రాలేదు.